రెక్కలు మంజునాథ శెట్టివి, తప్పు నాది

నా దగ్గర ఫిట్టరు పని నేర్చుకున్నవాళ్లకు ఒక విరిగిన చెక్క రెక్క గుర్తుండే ఉంటుంది. బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో నేను పాఠం చెప్పిన గదిలో, నల్లబల్ల పక్కన మేకుకు వేలాడుతూ ఉండేది. కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ దాన్ని పిల్లల చేతికిచ్చి, ఇంట్లో చెక్కిన రెక్కల్ని నమ్ముకుంటే ఇదే గతి అని చెప్పేవాణ్ణి. అది రేడియోతో ఎగరేసే చిన్న హెలికాప్టరు రెక్క. చెక్కింది రాబర్ట్‌సన్‌పేట బజారులో నగల అంగడి ఉన్న మంజునాథ శెట్టి. ఆ హెలికాప్టరుకు ఫ్రేము చేసింది నేను.

నేను చెప్పిన ఆ పాఠం అబద్ధం. రెక్కలో ఏ లోపమూ లేదు. ముందు విరిగింది నా ఫ్రేము. రెక్క నేలకు తగిలాకే విరిగింది.

మొదట పెద్ద పెద్ద యంత్రాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ టూల్‌రూంలో, తరువాత ఆ శిక్షణ సంస్థలో పనిచేశాను. నడుము మొరాయించడంతో యాభై దాటిన కొత్తలోనే మానుకున్నాను. ఏ గ్రేడు ఎప్పుడు వచ్చిందో నా భార్యకే గుర్తులేదు, మీకెందుకు? ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు నేను ఇవ్వగలిగింది ఈ ఒక్క హెలికాప్టరు సంగతి. నా ఉద్యోగమంతా నేర్పనిది అది నేర్పింది. అంత సంతోషమూ మరే పనిలోనూ కలగలేదు. ఇప్పటికీ దాని గురించి చెప్పబోతే చేతులు ఊరికే ఉండవు.

ఇద్దరు పైవాళ్లు

ముందు నా చేతికి ఏ అలవాట్లు పట్టాయో చెప్పాలి.

టూల్‌రూంలో మా ఫోర్‌మన్ డేవిడ్ సార్. ఛాంపియన్ రీఫ్స్ మనిషి. గనిలో పనిచేసిన కుటుంబం. ప్లేటులో కిటికీ లాంటి ఖాళీ కోయాల్సి వస్తే, లోపలి మూల పదునుగా ఉండకూడదు, గుండ్రంగా తిరగాలి. ఈ ఒక్క విషయంలో ఆయన రాక్షసుడు. మూలలో వేలి గోరు పెట్టి చూసేవాడు. గోరు ఇరుక్కుంటే ప్లేటు తిరిగొచ్చేది. "తంబీ, పగులు మూలలోనే పుట్టేది" అనేవాడు. ఎందుకు పుడుతుందని అడిగితే మాత్రం చెప్పేవాడు కాదు. అడగడమే తలపొగరు ఆయన లెక్కలో. గొప్ప పనిమంతుడు, చెడ్డ గురువు. కారణం చెప్పకుండా నేర్పిన నియమం పైవాడు చూస్తున్నంతసేపే నిలుస్తుంది. ఈ సంగతి నేను అంగీకరించడానికి చాలా ఏళ్లు పట్టింది.

డేవిడ్ సార్‌కు పైన ఒక మేనేజరు. ఆయన సిద్ధాంతం ఇంకా సులువు: అనుమానం ఉంటే ఇంకో ప్లేటు వెయ్యి. మట్టి తవ్వే యంత్రానికి అది సరిపోయింది. బరువు పెరిగితే మట్టికేమి బాధ? ఆ మాట నాకు ఎంతగా ఒంటబట్టిందంటే, ఇంట్లో పూజ గూటికి స్టాండు చేసినా అది ఇంజిను బరువు మోసేలా ఉండేది.

నగల సంచిలో మోటారు

మంజునాథ శెట్టిది నా వయసే. చిన్నప్పుడు ఇద్దరం ఒకే బడి. వాళ్ల అంగడిలో గల్లా పెట్టె దగ్గర అన్న సుబ్బయ్య శెట్టి, తూకం దగ్గర తమ్ముడు మంజునాథ. సాయంత్రం అంగడి కట్టేశాక శెట్టి సైనైడ్ దిబ్బల పక్క బయలులో చిన్న విమానాలు ఎగరేసేవాడు. గని మూతపడినా, బంగారం తీశాక పారబోసిన ఆ తెల్లటి మట్టి గుట్టలు మాకు మిగిలాయి. వాటి పక్కన ఇళ్లు లేవు, కరెంటు తీగలు లేవు. ఎగరేసేవాడికి అంతకంటే ఏం కావాలి?

నేను పాఠాలు చెప్పే రోజుల్లో, ఒకరోజు వెల్వెట్ గుడ్డతో కుట్టిన నగల సంచి పట్టుకుని మా ఇంటి వెనక షెడ్డుకు వచ్చాడు. అందులోంచి ఒక చిన్న కరెంటు మోటారు, రెక్కలు తగిలించే హబ్బు, ఉక్కు కడ్డీ ఒకటి తీసి నా బల్ల మీద పెళ్లి నగలు పరిచినట్టు పరిచాడు. బెంగళూరులో ఎవరో విడగొట్టి అమ్మిన హెలికాప్టరువి అవి.

"దీనికి ఒళ్లు లేదు. నువ్వు చెయ్యి" అన్నాడు.

ఫ్రేములు తయారుగా దొరుకుతాయి కదా అన్నాను.

"కొన్నది ఎవురైనా ఎగరేస్తారప్పా. మన ఊర్లో చేసింది మన ఊరి మీద ఎగరాల. రెక్కలు నేను చెక్కుతా. ఒళ్లు నువ్వు కొయ్యి."

ఇంకొక విషయం కూడా చెప్పాడు. ఈ వయసులో ఈ ఆటలేమిటని అన్న రోజూ దెప్పుతున్నాడట. చివరికి అన్నదమ్ములు ఒక ఒప్పందానికి వచ్చారు. విజయదశమి నాడు అన్న స్వయంగా వచ్చి చూస్తాడు. హెలికాప్టరు ఎగిరి, క్షేమంగా దిగితే ఇక ఎప్పుడూ ఆ మాట ఎత్తడు. పడితే మాత్రం తమ్ముడు రేడియో పెట్టె అటక మీద పెట్టేయాలి. సుబ్బయ్య శెట్టి ఆడిన మాట తప్పే మనిషి కాదు. తమ్ముడూ అంతే.

కడ్డీ దానంతట అది జారాలి

హెలికాప్టరు ఫ్రేము అంటే పెద్ద విశేషం లేదనుకున్నాను. రెండు వైపులా రెండు పలుచని అల్యూమినియం పలకలు. మధ్యలో వాటిని కలిపే దిమ్మెలు. పైన ఒక బేరింగు, కింద ఒక బేరింగు. వాటిగుండా నిలువుగా ఉక్కు కడ్డీ. దాని తలమీద రెక్కలు. వెనక తోకకు ఒక గొట్టం. ఒక వారంలో తేలే పని అనిపించింది.

మొదటి పలకల్ని ఒక్కొక్కటే గుర్తులు పెట్టి, విడివిడిగా బెజ్జాలు వేశాను. నా కొలతల మీద నాకు అంత నమ్మకం. రెండు పలకలూ గీతలకు సరిపోయాయి, ఒకదానికొకటి సరిపోలేదు. జోడించి బిగిస్తే కడ్డీ బేరింగుల్లో పట్టేసి, చేత్తో తిప్పినా కదలనంది. వెంట్రుక వాసి తేడా ఒక్కో బెజ్జంలో పోగైంది.

ఈ తరువాతి మాట కొత్తవాళ్లు గుర్తుంచుకోండి. జంటగా పనిచేసే పలకల్ని జంటగానే బల్ల మీది వైసులో బిగించి, రెండింటికీ ఒకేసారి బెజ్జం వేయండి. కాగితం మీది బొమ్మతో సరిపోవడం కంటే జతతో సరిపోవడం ముఖ్యం. మళ్లీ కోసి అలాగే చేశాను. బిగించి, ఫ్రేమును నిలబెట్టి, నూనె రాసిన కడ్డీని పై బేరింగులో పెట్టి వదిలాను. అది దానంతట అది, ఎవరో కింద నుంచి మెల్లగా లాగుతున్నట్టు, పైదాన్ని దాటి కిందిదాంట్లోకి జారి నిలిచింది. షెడ్డులో నేనొక్కణ్ణే ఉన్నాను. పెద్దగా నవ్వాను. నా భార్య వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడిగింది. మళ్లీ కడ్డీ పైకి లాగి, జార్చి చూపించాను. "దీనికా" అని వెళ్లిపోయింది. మరునాడు శెట్టికి చూపిస్తే అతను వరుసగా ఎన్నిసార్లు జార్చాడో లెక్కలేదు. అలాంటి స్నేహితుడు దొరకడం అదృష్టం.

ప్రతి ముక్కనూ అతను అంగడికి తీసుకెళ్లి బంగారం తూచే తక్కెడలో పెట్టేవాడు. ఒకసారి నేనూ అక్కడే ఉన్నాను. గాజుల కోసం వచ్చిన ఒక ముసలమ్మ, మెరుస్తున్న బేరింగు దిమ్మెను తక్కెడలో చూసి ఎన్ని సవర్లని అడిగింది.

"అది నగ కాదమ్మా, హెలికాప్టరుది" అన్నాడు శెట్టి.

"ఏదైతే ఏమప్పా, మంచి పనితనం ఉండాది. చెవులకు మాత్రం బరువు" అందామె.

బరువు ఉన్నమాట నిజమే. బలానికని పలక మందం పెంచాను, అడ్డపట్టీలు వేశాను. బయలులో మొదటిసారి మోటారు తిప్పితే రెక్కలు గాలిని చితక్కొట్టాయి, చుట్టూ తెల్ల దుమ్ము లేచింది, హెలికాప్టరు నేలను వదల్లేదు. శెట్టి రేడియో ఆపి, దుమ్ము తుడుచుకుని, నా వైపు చూశాడు.

"మునిరాజప్పా, దీనికి రెక్కలెందుకు? ముందర ఒక గుండు కట్టు, రోడ్డేస్తాది."

కిటికీలు

ఆ ఎగతాళి బాగా గుచ్చుకుంది. రెండో ఫ్రేముకు పలుచని రేకు తీసుకుని, భారం మోయని చోటల్లా కిటికీలు కోశాను. ఒక్కో కిటికీతో బరువు తగ్గుతుంటే మత్తులా ఉండేది. పొద్దున్నే షెడ్డుకు పరుగెత్తేవాణ్ణి. ఫ్యాక్టరీలో జీవితమంతా ఉక్కును పోగేసినవాణ్ణి, తీసేయడంలో ఇంత ఆనందం ఉందని అప్పుడే తెలిసింది. ఏది అక్కర్లేదో తెలియాలంటే, ఏది ఎందుకు ఉందో ముందు తెలియాలి.

కిటికీలు నలుచదరంగా, మూలలు కత్తిలా తీశాను. గుండ్రంగా తిప్పితే అందం పోతుందనిపించింది. డేవిడ్ సార్ గుర్తుకు రాలేదని అనను. వచ్చాడు. బొమ్మకు అంత చాదస్తం ఎందుకనుకున్నాను.

ఆ ఫ్రేము ఎగిరింది. శెట్టి బొటనవేలు మెల్లగా ముందుకు జరిపాడు. రెక్కల మోత మారింది. కింది కాళ్లు మట్టిని ఇంకా తాకుతున్నాయా లేదా అన్నట్టు ఒక క్షణం ఊగి, మోకాలెత్తున గాలిలో నిలబడిపోయింది. నేను కోసిన రేకు, నేను బెజ్జం వేసిన పలక, దేని మీదా ఆనకుండా నిలబడింది. దింపాక ఆండర్సన్‌పేట దాకా నడిచి వెళ్లి టీ తాగాం. దారి పొడవునా ఇద్దరమూ ఒకేసారి మాట్లాడాం.

పండుగ బొట్టు

ఆయుధపూజ రోజు మా షెడ్డులో ఏ యంత్రమూ కదలదు. లేత్‌కు, డ్రిల్లుకు, వైసుకు, ఆకురాళ్లకు గంధం, కుంకుమ, చామంతి పూలు. అంతకు ముందు రోజే శెట్టి రెండు రెక్కలూ మళ్లీ తూచి, సమానంగా తూగాయని తృప్తిపడి వెళ్లాడు. హెలికాప్టరును గౌరవంగా లేత్ పైనున్న ఎత్తు పలక మీద పెట్టాను. బొట్టు పెట్టడానికి చెయ్యి పైకెత్తితే ఒక రెక్క కొసే అందింది. దాని అడుగున వేలితో చిక్కటి గంధం అద్ది, మధ్యలో కుంకుమ పెట్టి, ఒక చామంతి రేకు అంటించాను. గోడ వైపున్న రెండో రెక్క అందలేదు.

మరునాడు, విజయదశమి పొద్దున, ఆటోలో ఎక్కిస్తున్నప్పుడు దాన్ని చూశాను. గంధం ఎండి గట్టిపడి ఉంది. తుడుద్దామనుకున్నాను. పూజలో పెట్టిన బొట్టును పండుగ దాటకుండా చెరపకూడదని మా ఇంట్లో ఆచారం. వదిలేశాను. తూకం సంగతి అసలు తట్టలేదు.

ఒక గ్రాము గంధం ఏం చేస్తుందని మీరు అడగవచ్చు. అంగట్లో తక్కెడ ముల్లు కాస్త కదులుతుంది, అంతే. కానీ రెక్క కొసలో ఆ గ్రాము గిరగిర తిరిగేటప్పుడు రెండు కిలోలకు పైగా బరువు ఒక పక్కకు లాగినంత లాగుతుంది. తిరిగిన ప్రతి చుట్టుకూ ఫ్రేమును ఒక కుదుపు కుదుపుతుంది. నేను ఫ్యాక్టరీలో ఎంత పెద్ద చక్రాన్నయినా తూకం సరిచూసి బిగించినవాణ్ణి. షెడ్డులో దేవుడి బొట్టును మాత్రం బరువున్న వస్తువుగా చూడలేదు.

బజారు నుంచి చాలామంది వచ్చారు. వాళ్లను దూరంగా తాడు కట్టి ఆపాం. సుబ్బయ్య శెట్టి పట్టుపంచెతో వచ్చి, కుర్చీ వద్దని నిలబడ్డాడు. హెలికాప్టరు లేచింది. జనం ఈలలు వేశారు. మనిషెత్తు దాటాక తోక సన్నగా అదరడం నాకూ కనిపించింది.

శెట్టి కళ్లు తిప్పకుండానే అన్నాడు: "అదురు ఉండాది. దించుతా."

నేను పక్కనే ఉన్నాను. చుట్టూ అందరూ చూస్తున్నారు. మొదటి ఫ్రేము నేల వదలనప్పుడు నవ్విన మనిషి, ఇప్పుడు నా రెండో ఫ్రేమును నమ్మడంలేదనిపించింది.

"మోటారు సర్దుకుంటా ఉండాది. ఏం కాదు, పోనీ పైకి" అన్నాను.

అతను పోనిచ్చాడు. టెలిఫోను స్తంభమెత్తు వెళ్లి ఉంటుంది. టప్పుమని ఒక శబ్దం, తరువాత మోటారు ఒంటరిగా కీచుమనడం. రెక్కలు నెమ్మదించాయి. అది ఒక పక్కకు ఒరిగి, చేతిలోంచి జారిన గిన్నెలా పడింది. తాడుకు ఎంతో దూరంలో పడింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

ముందు చేరుకున్నది నేనే. పై బేరింగు పక్కనున్న కిటికీ మూల నుంచి పగులు నేరుగా అంచుదాకా పాకి ఉంది. దిమ్మె కదిలి, మోటారు తిప్పుడును కడ్డీకి అందించే పళ్లచక్రం పట్టు తప్పింది. డేవిడ్ సార్ గోరు ఇరుక్కునే మూల అదే. పక్కన ఒక రెక్క సగానికి విరిగి బోర్లా పడి ఉంది. గంధం, కుంకుమ, వాడిన చామంతి రేకు పైకి కనిపిస్తున్నాయి. అప్పుడు అంతా అర్థమైంది. అర్థమైన క్షణంలోనే జేబురుమాలు ఉమ్మితో తడిపి, దాన్ని తుడిచేశాను. శెట్టి వచ్చేసరికి విరిగిన రెక్కను పైకెత్తి పట్టుకుని, అందరికీ వినబడేలా అన్నాను: "చెక్క తట్టుకోలేదు శెట్టీ."

అతను రెక్కను చూశాడు, నన్ను చూశాడు, వంగి మిగతా ముక్కల్ని ఏరడం మొదలుపెట్టాడు. సుబ్బయ్య శెట్టి పంచె సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం రేడియో పెట్టె అటక ఎక్కింది.

తరువాత నేను చేసింది ఇంకా సిగ్గుచేటు. ఆ ముక్కను క్లాసులో మేకుకు తగిలించాను. నా విద్యార్థులు గుంపులుగా అంగడి ముందు నుంచి వెళ్తూ "రెక్కల శెట్టి" అని నవ్వుకునేవాళ్లు. నాకు తెలుసు. ఆపలేదు.

అంగట్లో

ఉద్యోగం మానేసిన రోజు గది ఖాళీ చేస్తూ ఆ ముక్కను తీశాను. ఇంటికి తీసుకుపోవాలో, పారేయాలో తేలక నేరుగా బజారుకు పోయాను. శెట్టి ఒకరికి జుంకీలు తూస్తున్నాడు. వాళ్లు వెళ్లేదాకా నిలబడి, మొత్తం చెప్పాను. గంధం, కిటికీ మూల, జేబురుమాలు.

అతను రెక్కను తీసుకుని అలవాటుగా తక్కెడలో పెట్టాడు. మళ్లీ తీశాడు.

"గంధమా" అన్నాడు. కొంచెం నవ్వు కూడా వచ్చింది అతనికి. తరువాత నవ్వు పోయింది. "గంధం ఎవురైనా పెడతారప్పా. రెక్క చెక్కేది శెట్టికి రాదంటే అననీ, నేను వడ్రంగి కాదు గదా. నేను దించుతానని చెప్పినాను. అది యాడైనా చెప్పినావా?"

చెప్పలేదు. ఆ మాట నేను మరిచిపోయాను కూడా. తప్పు ఒప్పుకోవడానికి వచ్చి, అసలైన తప్పును ఇంట్లో వదిలి వచ్చానని అప్పుడు తెలిసింది.

"ఎగరేసేవాని చేతికి తెలిసింది. వాడు నోరు తెరిచి చెప్పినాడు. మా అన్న ఈ పొద్దుటికీ నాకు తెలీక పడేసినానని అనుకుంటా ఉండాడు. ఆయన ఆడనే ఉండాడు, పోయి చెప్పు."

సుబ్బయ్య శెట్టి గల్లా పెట్టె వెనక అంతా వింటూనే ఉన్నాడు. అయినా ఎదురుగా వెళ్లి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇన్ని దినాలు పట్టిందా నీకు?" అని నన్ను అడిగాడు. తమ్ముడి వైపు తిరిగి, "నువ్వెందుకు చెప్పలేదు రా?" అన్నాడు.

"పడింది గదన్నా. పడినంక చెప్తే సాకు చెప్పినట్టుంటాది."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, అటక నిచ్చెన ఎక్కడుందో పనివాణ్ణి అడిగాడు.

మూడో ఫ్రేము

మూడో ఫ్రేముకు కిటికీ మూలలన్నీ గుండ్రంగా తిప్పాను. ఎందుకో ఇప్పుడు చెప్పగలను. లోపల కుదుపు పుట్టినప్పుడు ఆ బలం పలక వెంట పారుతుంది. గుండ్రని మలుపులో తిరిగి వెళ్లిపోతుంది, పదునైన మూలలో అంతా ఒకచోట గుమిగూడుతుంది. అక్కడ రేకు చిరుగుతుంది. డేవిడ్ సార్ ఈ రెండు ముక్కలు చెప్పి ఉంటే బాగుండేది. నేనూ నా క్లాసులో చెప్పి ఉండాల్సింది.

రెక్కలు మళ్లీ శెట్టే చెక్కాడు. మళ్లీ పొద్దున్నే షెడ్డుకు పరుగెత్తడం మొదలైంది. నడుము నొప్పి ఉన్నా కడ్డీ జారుతుంటే ఆగలేకపోయాను.

బయలులో ఈసారి అన్నదమ్ములిద్దరూ నేనూ, ముగ్గురమే. హెలికాప్టరు లేచింది, మనిషెత్తు దాటింది, గాలిలో మేకు కొట్టినట్టు నిలబడింది. నా కంటికి దాన్లో ఏ వంకా కనిపించలేదు. సంతోషం పొంగుకొచ్చింది.

"దించుతా" అన్నాడు శెట్టి.

ఎందుకని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. సుబ్బయ్య శెట్టి నన్నే చూస్తున్నాడు.

"దించు" అన్నాను.

దింపాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని ప్రతి మరా, ప్రతి మూలా, రెండు రెక్కల పైనా అడుగునా చూశాను. ఏమీ దొరకలేదని చెప్పాను.

"దొరకలేదంటే ఇంగో తూరి చూడు" అన్నాడు.

ఇంకోసారి చూశాను.